వదిన ఎత్తుకి కట్టిన గుమ్మం

ఆ మీటింగుకి మా అన్నయ్య రాకపోవడం వల్లే ఇదంతా జరిగింది. ఆ రోజు బండినిండా గుమ్మడికాయలు వేసుకుని సంతకి పోయాడు. పోకుండా ఉంటే ఆ మరుగుదొడ్డి దర్జీ ఇంట్లోనో మేస్త్రీ ఇంట్లోనో పడేది. మీటింగంటే అంతే. ఏదైనా రానివాడి నెత్తినే పడుతుంది.

మీటింగు పెట్టిన అమ్మాయి పట్నం నుంచి మోపెడ్ మీద వచ్చేది. అంతకు ముందు మా ఊరికి వచ్చినవాళ్ళంతా చెప్పడానికి వచ్చినవాళ్ళే. చేతులు కడుక్కోండి, కోళ్ళకి మందు వేయించండి అని వాళ్ళు చెప్పి పోయేవాళ్ళు, మేం విని ఇంటికి పోయేవాళ్ళం. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఈ అమ్మాయి ఏమీ చెప్పదు. ఏదడిగినా "మీరేమంటారు?" అంటుంది. ఎండగా ఉంది, నీడలోకి జరుగుదామా అని దర్జీ అడిగితే, దానికీ అదే మాట. నీడ గురించి కాసేపు చర్చ నడిచింది. అందరం ఒప్పుకుని లేచేసరికి నీడే అవతలికి జరిగిపోయింది. ఆ రోజు నుంచి మా ఊళ్ళో ఆ పిల్ల పేరు మీరేమంటారమ్మ.

కళ్ళం ఊడిపించి నేల మీద ఊరి పటం వెయ్యమంది. ఇటుకపొడితో ఇళ్ళు, ఆకులతో చేలు, తాడుతో వాగు. మా ఊరు మాకంటే ఎవరికి తెలుసని తల నెరిసినవాళ్ళు కూడా మోకాళ్ళ మీద పాకారు. మేస్త్రీ తన ఇల్లు అందరి ఇళ్ళకన్నా పెద్దగా వేసుకుంటే దర్జీ కాలితో చెరిపాడు. మేస్త్రీ మళ్ళీ వేశాడు. అప్పుడు ఆ అమ్మాయి ఒక గంపలో బూడిద తెచ్చి మధ్యలో పెట్టి, పొద్దున్నే ఎవరు ఎక్కడికి వెళ్తారో అక్కడ తలా ఒక చిటికెడు వెయ్యమంది.

ఎవరూ కదల్లేదు. కొందరికి దగ్గులొచ్చాయి. మా పొరుగింటి పిన్ని నోటికి జంకు లేని మనిషి. రోజూ ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడే చోటే కదర్రా, ఇక్కడేమిటి సిగ్గు అంటూ లేచి మొదటి చిటికెడు తనే వేసింది. ఆ తర్వాత గంప ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చూస్తే బూడిదంతా ఒక్కచోటే కుప్ప పడింది. మా అన్నయ్య కూరగాయల తోట గట్టు.

ఆ తోట కాయలే ఊరంతా తింటుంది.

"నిచ్చెనగారి గుమ్మడికాయలు అంత లావు ఎందుకు ఊరతాయో ఇవాళ తెలిసింది" అన్నాడు దర్జీ.

నిచ్చెన అంటే మా అన్నయ్య. మా ఇంట్లో ఆయనొక్కడే అంత పొడుగు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. దర్జీ మాటకి అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ మొన్న తిన్న కూర గుర్తొచ్చి ఒక్కొక్కరే ఆపేశారు.

ఏం చేద్దామన్నాక ఆ అమ్మాయి కొత్త రకం దొడ్డి బొమ్మ చూపించింది. నేల మీద రెండు అరలు, వాటి మీద గది, ఎక్కడానికి మెట్లు. నీళ్ళు పోసేది లేదు. మూత్రం గొట్టంలోంచి వేరే క్యాన్‌లో పడుతుంది, కడుక్కోవడానికి పక్కన వేరే చోటు. పని అయ్యాక గుప్పెడు బూడిద చల్లాలి. ఒక అర నిండితే మూసేసి రెండోది వాడుకోవాలి. మూసిన అర బాగా మగ్గాక తెరిస్తే ఎరువు. ముందు ఒక ఇంట్లో కట్టి చూద్దామన్నారు. ఎవరింట్లో అన్నదానికి, పటంలో ఏ ఇంటి మీద ఎక్కువ గులకరాళ్ళు పడితే ఆ ఇంట్లో. ఎవరి ఇంటి ముందు వాళ్ళే కాపలా నిలబడ్డారు. కాపలా లేని ఇల్లు మా అన్నయ్యది. రాళ్ళన్నీ అక్కడే పడ్డాయి.

అందరికన్నా ముందు రాయి వేసింది మా వదిన. నేను చూశాను.

దానికి కారణం ఉంది. పోయిన వానల్లో చెంబు పట్టుకుని ఆ గట్టు మీదే జారి పడింది. కాలు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. అప్పట్నుంచి గట్టుకి వెళ్ళాలంటే ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో చెంబు, పక్కన ఎవరో ఒకరు. పక్కన రమ్మని ఎవర్నీ అడగలేదు, అది ఆమె గుణం. అడగక్కర్లేకుండా ఉండాలని తిండి తగ్గించింది. మాది అన్నదమ్ములిద్దరికీ ఒకటే వాకిలి. ఆమె సగం కడుపుకి తిని కంచం కడిగేయడం నాకు కనపడేది. అన్నయ్యకి కనపడేది కాదు. ఆయన చూపు ఎప్పుడూ పాదుల మీదే.

సాయంత్రం సంత నుంచి వచ్చిన అన్నయ్య సంగతి విని బండి కూడా విప్పలేదు. ఇంటి ముందు అది కట్టేదేమిటన్నాడు. సామానులో సిమెంటు, బేసిను ఆ అమ్మాయి ఆఫీసు వాళ్ళిస్తారు, ఇటుకలు ఇంటివాళ్ళవి అని తెలిసి ఇంకా మండిపడ్డాడు. పశువుల కొట్టం కట్టాలని పేర్చుకున్న ఇటుకలవి. ఎవరెంత చెప్పినా వినలేదు. వదిన మాత్రం ఇటుకల కుప్ప దగ్గరికి వెళ్ళి దాని మీద కాలు చాపుకుని కూర్చుంది. చీకటి పడేదాకా అలాగే కూర్చుంది. పొయ్యి వెలగలేదు.

మర్నాడు అన్నయ్య కళ్ళంలో అందరి ముందు ఒప్పుకున్నాడు, షరతు మీద. మూసిన అర తెరిచే రోజున కంపు కొట్టిందంటే గది పడగొట్టి ఇటుకలు కొట్టానికి తీసుకుపోతాడు. అంతవరకు తను మాత్రం అందులో కాలు పెట్టడు. మీరేమంటారమ్మ అందరినీ అడిగింది. ఇటుకలు తమవి కావు కాబట్టి అందరూ సరేనన్నారు.

కట్టేటప్పుడు అన్నయ్య అటు చూడనన్నాడు, చూడలేదు. గుమ్మం ఎంత ఎత్తు పెట్టాలో మేస్త్రీకి తేలలేదు. అడిగితే ఆ అమ్మాయి ఏమంటుందో తెలుసు కాబట్టి ఆమెని అడగలేదు. వదిననే నిలబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టి కొలుచుకుని, అంతే పెట్టాడు. మా వదిన పొట్టి మనిషి. ఆ వంకర కాలు మీద నిలబడితే ఇంకా పొట్టి.

లోపలి గోడ మీద దర్జీ బొమ్మ వేశాడు, చదువు రానివాళ్ళకి తెలియాలని. ఒక ఆడమనిషి గుప్పెడు బూడిద చల్లుతూ ఉంటుంది. చూస్తే కోళ్ళకి గింజలు వేస్తున్నట్టు ఉంటుంది గానీ, భావం తెలుస్తుంది.

తెలియడమే చేటు తెచ్చింది. ఊరంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళు మెట్లెక్కి, లోపలికి తొంగి చూసి, గోడ మీద బొమ్మ చూసి, అందులో ఉన్నట్టే గుప్పెడు బూడిద చల్లి దిగేవాళ్ళు. చల్లకపోతే తప్పేమోనని. వదిన పొయ్యిలో బూడిద అయిపోయింది. మా పొయ్యిలోదీ అయిపోయింది. గిన్నెలు తోమడానికి చిటికెడు లేదని మా ఇంటావిడ నన్ను సాధించింది. అది తెలిసి, ఒకరింటికి పోతూ వట్టి చేతులతో ఏం పోతామని వచ్చేవాళ్ళు ఎవరి బూడిద వాళ్ళే గుప్పిట్లో పట్టుకొచ్చారు. పక్క ఊరి నుంచి వదిన పుట్టింటి వాళ్ళు వచ్చారు. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. బస్తా తెచ్చారు.

ఒకరోజు మేస్త్రీ అరకి వెనకవైపు మూసిన పలక జరిపి చూసి నోరు తెరిచాడు. అర ముప్పాతిక భాగం నిండింది. నిండినదంతా బూడిదే.

"వదినా, ఇది దొడ్డి కాదు. బూడిద గాదె" అన్నాడు.

వదిన ముఖం వాడిపోయింది. ఎందుకో నాకు అర్థమైంది. ఇలాగే అయితే అర ఊరికే నిండిపోతుంది, రెండోదీ అలాగే నిండుతుంది, మొదటిది మగ్గేలోగా వాడుకోవడానికి చోటుండదు. అన్నయ్యకి ఇటుకలు పడగొట్టే శ్రమ కూడా ఉండదు, గది దానంతటదే పనికిరాకుండా పోతుంది. మళ్ళీ గట్టే గతి.

కళ్ళంలో మీటింగు పెట్టారు. మీరేమంటారమ్మ ఎప్పటిలాగే అడిగింది. తలుపుకి తాళం వెయ్యాలని ఒకరు, బొమ్మ చెరిపెయ్యాలని ఒకరు అన్నారు. తన బొమ్మ జోలికి వస్తే ఊరుకోనన్నాడు దర్జీ. అప్పుడు వదిన కర్ర మీద బరువు వేసి లేచింది. అంతకు ముందు ఆమె మీటింగులో మాట్లాడగా నేను వినలేదు.

"చూడ్డానికి వచ్చేవాళ్ళు రండి, వద్దనను. కానీ మెట్లెక్కినవాళ్ళు ఊరికే దిగకూడదు. కూర్చుని దిగాలి. కూర్చోలేనివాళ్ళు కిందనుంచే చూసి పోండి."

న్యాయంగానే ఉందన్నారు అందరూ. మర్నాటి నుంచి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. పిన్ని మాత్రం కొత్త రూలు సంగతి మరిచిపోయి ఏదో మాట్లాడుకుంటూ మెట్లెక్కేసింది. వదిన కింద కర్ర అడ్డం పెట్టి నిలబడింది. దిగడానికి లేదు. పిన్ని పైనుంచి కాసేపు బతిమాలింది, కాసేపు తిట్టింది, తర్వాత తలుపేసుకుంది. చాలాసేపు చప్పుడు లేదు. తీరిగ్గా బయటికి వచ్చి, పై కిటికీలోంచి గాలి భలేగా వస్తోందే పిల్లా అంది. ఆ మాట ఊళ్ళోకి పాకింది. ఆ గాలి సంగతేమిటో చూద్దామని వచ్చినవాళ్ళు మర్నాడూ వచ్చారు. వానలు పట్టేసరికి పొద్దున పూట మా వాకిట్లో వరస నిలబడుతోంది. మొదటి అర సవ్యంగా నిండింది, మూసి రెండోది తెరిచారు. ఇలా అయితే మా వంతు ఎప్పుడొస్తుందని దర్జీ, మేస్త్రీ తమ ఇళ్ళల్లోనూ కట్టుకోవడానికి లెక్కలు వేసుకోసాగారు. కానీ అందరూ ఆగి ఉన్నారు, అన్నయ్య అర తెరిచే రోజు కోసం. నిచ్చెన ఇటుకలు పీకేస్తే మనం కట్టడం దేనికని.

అన్నయ్య అరుగు మీద కూర్చుని ఆ వరసని చూసి చిరచిరలాడేవాడు. లోపల ఎవరున్నారు, ఇంకా రాలేదేమిటి అని అడుగుతూ ఉండేవాడు. కాలు పెట్టనివాడికి లోపల ఎవరుంటే ఏమిటని నాకు అనిపించేది. ఆయన మాత్రం పొద్దున్నే అందరికీ కనపడేలా చెంబు ఊపుకుంటూ గట్టు వైపు వెళ్ళేవాడు. తిరిగి వచ్చేటప్పుడు చెంబు తొణికేది. నిండా నీళ్ళు తీసుకెళ్ళిన మనిషి నిండా నీళ్ళతో రావడం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత ఒకరోజు ఆయన నుదుటి మీద బొప్పి కట్టింది. ఏమిటది అని వదిన అడిగింది. కొట్టం దూలం తగిలిందన్నాడు.

కొట్టం ఇంకా కట్టలేదు.

వదిన పసుపు అరగదీసి పట్టు వేసింది. బొప్పి తగ్గేది, మళ్ళీ అదేచోట లేచేది. మధ్యాహ్నం అందరూ చేలల్లో ఉండే వేళ, వాకిట్లో నరపురుగు కూడా లేని వేళ, దొడ్డి మెట్ల వైపు నుంచి ఒక్కోసారి టంగుమని చప్పుడు, వెంటనే ఎవరినో తిట్టిన చప్పుడు వినపడేవి. నేను కొడవలి నూరుకుంటూ తల తిప్పేవాణ్ణి కాదు. ఆడవాళ్ళ ఎత్తుకి గుమ్మం పెట్టిన మేస్త్రీ వంశాన్ని ఆయన పూర్తిగా తిట్టడం మాత్రం నా చెవిన పడింది.

ఎండలు ముదిరాయి. అర తెరిచే రోజు దగ్గర పడింది. వదిన మళ్ళీ సగం కడుపుకి తినడం మొదలుపెట్టింది. ఎందుకలా అని మా ఇంటావిడ అడిగితే, ఏమో, మళ్ళీ గట్టుకే వెళ్ళాల్సొస్తే అలవాటు ఉండాలి కదా అందట. ఈ మాట నేను అన్నయ్యతో చెబుదామని తోటకి వెళ్ళాను. ఆయన దొడ్డి క్యాన్‌లోది నీళ్ళల్లో కలిపి గుమ్మడి పాదులకి పోస్తున్నాడు. నన్ను చూసి క్యాన్ వెనక్కి పెట్టాడు. నేను చెప్పకుండానే వచ్చేశాను. సిగ్గుపడుతున్న మనిషికి ఏం చెప్పినా కోపమే వస్తుంది.

ఆ రోజు వచ్చింది. ఊరు కళ్ళం దగ్గర పోగైంది, మీరేమంటారమ్మ తన పై అధికారిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నేను వాకిట్లో ఉన్నాను. వదిన బండికి వేయగా మిగిలిన నీలం పెయింటు డబ్బా తీసి, నలుగురూ వస్తున్నారు బావుండద్దా అని దొడ్డి గుమ్మానికి రంగు వేస్తోంది. పక్క చెక్కలకి పల్చగా ఒక పూత వేసింది. పైచెక్కకి మాత్రం దళసరిగా రెండు పూతలు వేసింది. కుంచె కడిగి, కర్ర పట్టుకుని కళ్ళానికి బయల్దేరింది. నన్నూ రమ్మంది. వాకిలి ఖాళీ అయింది.

అన్నయ్య ఆలస్యంగా వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని, గంభీరంగా, ఎవరినీ చూడకుండా వచ్చి మధ్యలో నిలబడ్డాడు. నుదుటి మీద ఈ కొస నుంచి ఆ కొసకి నీలం పట్టీ. ముందు జుట్టుకి కూడా కాస్త అంటింది.

మా ఊళ్ళో నోరు ఆగేవాళ్ళు తక్కువ. ఆ రోజు అందరి నోళ్ళూ ఆగాయి. మేస్త్రీ వెనక్కి తిరిగి వాగు వైపు చూడసాగాడు. దర్జీ చెప్పులో రాయి దూరిందని కూర్చుని ఎంతకీ లేవలేదు. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు.

అందరం మా వాకిట్లోకి నడిచాం. దొడ్డి వెనక్కి చేరి ముందు జాగ్రత్తగా ముక్కులు మూసుకున్నాం. మేస్త్రీ పలక తీశాడు. కంపేమీ రాలేదు. మళ్ళీ కాసేపు ఆగాం. ఒక్కొక్కరే ముక్కు మీద గుడ్డ తీశారు. లోపల పొడి పొడిగా బూడిద రంగు మట్టి. దర్జీకి కొంచెం నిరాశ కలిగినట్టు కూడా కనిపించింది.

అన్నయ్య అలవాటు కొద్దీ వంగి గుప్పెడు తీశాడు. ఎరువు కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు. పిడికిట్లో నలిపాడు, వేళ్ళ మధ్యనుంచి జారనిచ్చాడు, వాసన చూశాడు. ఆ తర్వాత ఎక్కడున్నాడో గుర్తొచ్చి దులుపుకున్నాడు. కంపు కొడుతోందని ఆయన అనలేడు. మట్టి విషయంలో ఆయన నోట అబద్ధం రాదు. మిగతా విషయాల్లో వస్తుంది.

"కంపు లేదు, ఒప్పుకున్నాను. అయితే మాత్రం ఏమిటి? ఇంటి మగవాడు కాలు కూడా పెట్టని గది వాకిట్లో దేనికి? నేనిన్నాళ్ళూ ఆ మెట్లెక్కానని ఒక్కరిని చెప్పమనండి."

ఒక్కరూ చెప్పలేదు. అందరూ ఆయన నుదుటి వంక చూస్తున్నారు. ఆ తర్వాత గుమ్మం వంక చూశారు. పైచెక్క మధ్యలో, ఆయన నుదురు తగిలే ఎత్తున, నీలం రంగు చెదిరి ఉంది. పై అధికారి కూడా గుమ్మాన్ని చూశాడు, అన్నయ్యని చూశాడు, జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

"మీరేమంటారు?" అంది ఆ అమ్మాయి. ఈసారి ఎవరి ముఖమూ చూడకుండా అడిగింది.

వదిన కర్ర ఆనించుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది. చేతిలో చిన్న సీసా, గుడ్డపీలిక ఉన్నాయి. కళ్ళానికి బయల్దేరినప్పుడే అవి ఆమె దగ్గర ఉన్నాయని నాకప్పుడు గుర్తొచ్చింది.

"నుదురు తుడుచుకోండి" అంది మెల్లగా. "నీళ్ళకి పోదు. కిరసనాయిలు తెచ్చాను."

అన్నయ్య చెయ్యి నుదుటి మీదకి వెళ్ళింది. వేళ్ళు చూసుకున్నాడు. నీలం. గుమ్మం వైపు చూశాడు. సీసా వైపు చూశాడు. వదిన వైపు చాలాసేపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. కర్ర మీదే బరువంతా వేసి నిలబడింది. అది ఆయనకి కూడా కనిపించిందనుకుంటాను. ఎందుకంటే ఆయన చూపు కర్ర మీదుగా ఆ వంకర కాలి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

గుడ్డ తీసుకుని తుడుచుకున్నాడు. నీలం పోలేదు, వెడల్పయింది. అప్పుడు మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఏరా, మనుషులు దూరే గుమ్మమేనా అది? జానెడు పైకి లేపు."

ఇటుకలు కావాలన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ. మూలన కొట్టానికి మిగిలినవి ఉన్నాయి కదా, కళ్ళు కనపడవా అన్నాడు అన్నయ్య. ఆ అమ్మాయి ఏదో అనబోయింది.

"నువ్వింకేమీ అడగకమ్మా" అన్నాడు.

అప్పుడు గానీ పిన్నికి నవ్వు బయటపడలేదు. పడ్డాక ఆగలేదు. ఒరే అబ్బాయ్, నీ బొప్పికి ఇన్నాళ్ళూ పసుపు రాసిన పిల్లని చూసి నేర్చుకోరా అని ఏమేమో అంది. అన్నయ్య వినిపించుకోనట్టు అర ముందు కూర్చుని, బూడిద ఎక్కువ పడింది, ఈసారి తగ్గించాలి, గుప్పెడంటే గుప్పెడే, బస్తాలు తెచ్చేవాళ్ళని మెట్లెక్కనివ్వద్దు అని దర్జీకి చెప్పసాగాడు. ఆ అమ్మాయి ఏమీ చెప్పకుండా అడిగి అడిగి పని జరిపించిన ఊళ్ళో చివరికి చెప్పేవాడు ఒకడు తయారయ్యాడు.

ఆ మధ్యాహ్నం వదిన తిని లేస్తుంటే నేను వాకిట్లో తాడు పేనుతున్నాను. అన్నయ్య నుదుటి మీద ఇంకా నీలం మరక ఉంది. ఆమె కంచం చేతిలోకి తీసుకోగానే, కూర్చో, ఇంకాస్త పెట్టుకో అన్నాడు. ఆమె కూర్చుంది. పెట్టుకుంది.